కరిచిందని రాసిచ్చిన కుక్క

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఏదో ఒకటి మరిచిపోవడం మామూలే. తలుపు వెనక చీపురు, అటక మీద పాత బకెట్టు, గోడకి దిగేసిన మేకు. కింది వాటాలో ఉండే బస్సు డ్రైవరు మాత్రం ఏకంగా కుక్కనే మరిచిపోయాడు. మరిచిపోయాడనడం మర్యాద కోసం. ఎనిమిదేళ్ళు పెంచిన కుక్కని మరిచిపోవడానికి అదేమన్నా గొడుగా? ఆదివారం పొద్దున లారీ వచ్చింది. మంచాలు, బీరువా, గ్యాసు పొయ్యి ఎక్కాయి. పెళ్ళాం పిల్లలు ముందు సీట్లో ఎక్కారు. కుక్క లారీ వెనకాల సందు చివరిదాకా పరిగెత్తి, వెనక్కి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పడుకుంది.

ఇదంతా పై వాటా కిటికీలోంచి వదిన చూసింది. చూసి, వంటింట్లో ఉన్న ప్రూఫమ్మని కేకేసి చెప్పింది. రేపో ఎల్లుండో వచ్చి తీసుకెళ్తాడులే అని ప్రూఫమ్మ తేలిగ్గా కొట్టిపారేసింది.

ప్రూఫమ్మ అసలు పేరేమిటో ఇప్పుడు ప్రెస్సులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది. కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, మందు సీసాల అట్టపెట్టెల్లో మడతపెట్టి పెట్టే చీమతలకాయంత అక్షరాల కాగితాలు, ఏవైనా సరే, ఆవిడ కన్ను దాటి ఒక్క ఒత్తు కూడా పోదని ఓనరు గొప్పగా చెప్పుకుంటాడు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన అక్కగారే ఈ వదిన. ఇద్దరూ ఒకరి మీద ఒకరు సణుక్కుంటూ, ఒకరు లేకపోతే ఇంకొకరు ముద్ద మింగలేకుండా కాలం గడుపుతున్నారు. వదినకి మోకాళ్ళ నొప్పులు. పగలంతా కిటికీ దగ్గర కుర్చీయే ఆవిడ లోకం. చిన్నప్పుడు ఏదో కుక్క పిక్క పట్టుకుందట, అప్పట్నుంచీ కుక్క అన్న మాట వింటేనే కాళ్ళు పైకి ముడుచుకుంటుంది.

రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, డ్రైవరు మాత్రం రాలేదు. అతని ఫోన్ మోగింది మోగినట్టే ఉంది, ఎత్తే దిక్కు లేదు. మూడో రోజు నుంచి నంబరు మనుగడలో లేదంది. కుక్క గుమ్మం ముందే ఉంది. ఎవరినీ ఏమీ అనదు. మెట్లు దిగుతున్న ప్రూఫమ్మని చూసి తోక ఒక్కసారి నేలకి కొడుతుంది, అంతే. ఆవిడ ఇంత తిండి పాత పళ్ళెంలో పెట్టి వెళ్ళేది. పెంచుకుందామన్న ఆలోచన మాత్రం ఆవిడకి రాలేదు. ఒక పక్క వదిన ఉంది, ఇంకో పక్క వాటాలు అద్దెకిచ్చిన ఇంటాయన ఉన్నాడు, మధ్యలో తను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఇంటాయన వారం తిరక్కుండానే ఇల్లు చూపించడానికి మనుషుల్ని తీసుకొచ్చాడు. గుమ్మానికి అడ్డంగా పడుకున్న కుక్కని చూసి వాళ్ళు గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగారు. ఇంటాయన మెట్ల మీద నిలబడి ప్రూఫమ్మతో నెమ్మదిగానే చెప్పాడు. పెళ్ళిళ్ళలో పలకరించినట్టు నవ్వు మొహంతోనే చెప్పాడు.

"శుక్రవారందాకా చూస్తానమ్మా. తర్వాత మన మనిషి ఒకడున్నాడు, తిండిలో ఏదో కలిపి పెడతాడు. పొద్దున్నకల్లా శుభ్రంగా ఉంటుంది."

అంటే విషమని ప్రూఫమ్మకి అర్థమైంది. అయినా ధైర్యం తెచ్చుకుంది. ఎందుకంటే ఊళ్ళో జంతువుల్ని కాపాడే సంస్థ ఒకటుంది, దాని పని మొత్తం వీళ్ళ ప్రెస్సుకే వస్తుంది. క్యాలెండర్లు, కరపత్రాలు, ఫారాలు అన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. 'ఒక్క ఫోన్ కాల్, ఒక ప్రాణం' అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కనే నంబరు. మొదటి ప్రూఫులో 'ప్రానం' అని పడితే ణ చేసింది తనే. ఆ నంబరు చూసుకోవాల్సిన అవసరం కూడా లేదు, నోటికి వచ్చు.

సోమవారం నుంచి గురువారం దాకా ఆవిడ ఆరుసార్లు ఫోన్ చేసింది. ఆరుసార్లూ అక్కడ ఎత్తింది ఒకే అమ్మాయి. గొంతు తేనె. తిట్టినా బాగుండుననిపించే తేనె. మొదటిసారి ఏమందంటే, అది పెంపుడు కుక్క కాబట్టి పెంచినవాళ్ళే వచ్చి సంతకం పెట్టి అప్పగించాలంది. పెంచినవాడు పారిపోయాడమ్మా అంటే, అయితే అది వీధి కుక్క కింద లెక్క, ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్కల్ని తీసుకోం, ఆపరేషను చేసి మళ్ళీ అక్కడే వదిలేస్తాం అంది. అదైనా చెయ్యండమ్మా అంటే, చెవి కొస కత్తిరించి ఉందేమో చూడమంది. చూస్తే ఉంది. అంటే ఆపరేషను అయిపోయిందన్న గుర్తు, కాబట్టి రావాల్సిన పనిలేదు. పెంపుడుదీ కాదు, వీధిదీ కాదు, రెంటికీ చెడ్డ రేవడి అయి కూర్చుంది కుక్క.

ఇంటాయన విషం సంగతి చెబితే ఆ అమ్మాయి నిజంగానే అయ్యో అంది. అది చట్టరీత్యా నేరమంది. ఏం జరిగినా జరిగాక వెంటనే ఫిర్యాదు చెయ్యమని కూడా చెప్పింది. జరిగాక ఫిర్యాదు చేసి ఏం చేసుకోవాలో చెప్పలేదు. చివరికి ఒక దారి చూపింది. కుక్క ఫోటో తీసి పంపితే తమ పేజీలో పెడతారట, ఎవరైనా దయగలవాళ్ళు పెంచుకుంటారట. అయితే ఫోటో మంచి వెలుతురులో ఉండాలి, కుక్క నవ్వుతున్నట్టు ఉంటే ఇంకా మంచిది.

ప్రూఫమ్మ తన జన్మలో కుక్కని నవ్వించడానికి ప్రయత్నిస్తానని అనుకోలేదు. మెట్ల మీద గొంతుక్కూర్చుని చిటికెలు వేసింది, నాలుక బయటపెట్టింది, పై నుంచి వదిన చూసి దీనికి మతి పోయిందనుకుంది. కుక్క మాత్రం సందు చివరకే చూస్తూ ఉంది. ఆ ఫోటోనే పంపింది. మర్నాటికి ఏడువందలమంది దానికి గుండె గుర్తు కొట్టారు. రెండొందల మంది కన్నీళ్ళ బొమ్మ పెట్టారు. 'ఆ పై వాటా ఆవిడే పెంచుకోవచ్చు కదా' అని ఒకాయన రాశాడు, దానికి నూట పదిమంది అవునన్నారు. గేటు దగ్గరకి వచ్చినవాళ్ళు మాత్రం సున్నా.

గురువారం మధ్యాహ్నం ప్రెస్సులో ప్రూఫమ్మ అన్నం డబ్బా తెరిచి, తినకుండా కూర్చుంది. మెషీన్ బాబాయి అది గమనించాడు. ఆయన ఆ ప్రెస్సులో ముద్రణ యంత్రం నడిపే మనిషి, అరవై దాటినా ఇంకా ఇంకు వాసన లేకపోతే నిద్రపట్టదు. సంగతి విని పకపకా నవ్వాడు. ఏ కాలంలో ఉన్నావమ్మా, నిజం చెబితే ఎవడు వస్తాడు అన్నాడు. తనకీ ఇదే బాధ వచ్చిందట. వెనక షెడ్డులో ఒక నల్ల కుక్క ఉండేది, గుర్తుందా అని అడిగాడు. రెండేళ్ళు తన డబ్బాలోంచే సగం పెట్టాడు దానికి. ఓనరు వద్దన్నాడు, సంస్థవాళ్ళు రామన్నారు.

"కరిచిందని చెప్పానమ్మా. ఒకే ఒక్క మాట. రెండు గంటల్లో బండి వచ్చింది. ఇప్పుడది ఎక్కడో తోటలో హాయిగా కాళ్ళు చాపుకుని ఉంటుంది."

ఇరవై ఆరేళ్ళుగా తప్పులు వెతికి గీతలు పెట్టే మనిషికి ఒక తప్పు కావాలని చెప్పడం అంత సులువు కాదు. ఫోన్ చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు నిలబడింది. మర్నాడు శుక్రవారం. తేనె గొంతు అమ్మాయికి చెప్పేసింది. కరిచిందమ్మా, కుడిచేతి బొటనవేలు. అవతల గొంతులో తేనె మాయమై, గబగబా చిరునామా అడిగింది.

రెండు గంటలు కూడా పట్టలేదు. ఆవిడ సెలవు పెట్టి ఇంటికి వచ్చేసరికి బండి సందులోకి తిరుగుతోంది. చేతులకి మందపాటి తొడుగులు వేసుకున్న మనిషి ఒకడు, వలా కర్రా పట్టుకుని దిగాడు. ఎక్కడ కరిచిందో చూపించమన్నాడు. ముందు రోజు కాగితాల కట్ట విప్పుతుంటే అంచు కోసుకుని బొటనవేలికి కట్టు ఉంది, అదే చూపించింది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకోమని అతను మంచిగానే చెప్పాడు. ఆవిడ సరేనంది.

వల అవసరం పడలేదు. బండి వెనక తలుపు తీశారో లేదో, కుక్క లేచి, ఒళ్ళు దులుపుకుని, తనంతట తనే ఎగిరి లోపల కూర్చుంది. దాని యజమాని బండ్లు నడిపేవాడు. బండి అంటే దానికి అతనే గుర్తొచ్చి ఉంటాడు. తోక ఆగకుండా ఊపుతోంది.

"కరిచే కుక్క ఇలా ఎక్కడం నేనెప్పుడూ చూళ్ళేదండీ" అన్నాడు తొడుగుల మనిషి.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఈ మాట ప్రూఫమ్మ తర్వాత తనలో తను వెయ్యిసార్లు అనుకుంది. కానీ అప్పుడు ఆవిడ చూపంతా అతను చాపిన కాగితం మీద ఉంది. గులాబీ రంగు ఫారం. కరిచిన జంతువులకి గులాబీ, దెబ్బతిన్నవాటికి తెలుపు, ఆపరేషనుకి పసుపు. మూడూ తను దిద్దినవే. ఈ గులాబీ దానిలో 'విచక్షన' అని వస్తే 'విచక్షణ' చేసింది కూడా గుర్తుంది. అది సరిగ్గానే పడిందో లేదో చూసుకుంది. సరిగ్గానే పడింది. ఒక్క అచ్చుతప్పు లేదు. లోపల చిన్నగా గర్వపడి, కింద సంతకం చేసి ఇచ్చింది.

ఆ వారమంతా ఇల్లు తేలికపడినట్టుంది. ఇంటాయన నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళాడు. వదిన మాత్రం ఉండుండి కిటికీలోంచి కిందకి చూస్తూ, వాళ్ళు దానికి వేళకి పెడుతున్నారో లేదో అనేది. భయపడే మనిషికి ఈ బెంగేమిటని ప్రూఫమ్మ ఆటపట్టించింది. వదిన మూతి ముడుచుకుంది.

శనివారం, అంటే కుక్క వెళ్ళిన తొమ్మిదో రోజున, సంస్థ నుంచి పని వచ్చింది. గులాబీ ఫారాలు అయిపోయాయట, మళ్ళీ వెయ్యి కావాలి, నంబరు ఒక్కటి మారుతుంది. నంబరు ఒక్కటే మారినా మొత్తం మళ్ళీ చదవాలన్నది ప్రెస్సులో ప్రూఫమ్మ పెట్టిన రూలు. ఒకరు పాత కాపీ బయటకి చదవాలి, ఇంకొకరు కొత్తదానిలో అక్షరం అక్షరం పట్టి చూడాలి. ఆ వేళ తోడు చదివే మనిషి రాలేదు. మెషీన్ ఎలాగూ ఆగి ఉంది కాబట్టి బాబాయి కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

చదవడంలో ఆయనకో పద్ధతి ఉంది. అందరిలా కామా, ఫుల్‌స్టాపు అంటూ గొణగడు. వార్తలు చదివినట్టు అర్థమయ్యేలా చదువుతాడు. ప్రూఫమ్మకి అది నచ్చదు, అర్థం మీద ధ్యాస పోతే అక్షరం మీద పోదంటుంది. ఆ రోజు కూడా అనబోయింది.

"కరిచినట్లు ఫిర్యాదు అందిన జంతువును పది రోజులు విడిగా ఉంచి పరిశీలించడం జరుగుతుంది," అని చదివాడు బాబాయి. "సదరు జంతువు దత్తతకు గానీ, తిరిగి వీధిలో విడుచుటకు గానీ అనర్హము. పది రోజుల గడువు ముగిసిన పిమ్మట యజమాని రానిచో, పశువైద్యుల విచక్షణ మేరకు, దానిని నొప్పి లేకుండా నిద్రపుచ్చడం..."

అక్కడ ఆగిపోయాడు.

ప్రూఫమ్మ పెన్సిలు కొస 'విచక్షణ' మీద ఉంది. ఆ ణ తనకి తెలుసు. దాని చుట్టూ ఉన్న వాక్యం తనకి తెలియదు. నాలుగు నెలల కిందట ఇదే కుర్చీలో, ఇదే కాగితాన్ని రెండుసార్లు చదివింది. చదివి, ఒక అక్షరం దిద్ది, కింద 'సరి చూడబడినది' అని రాసి సంతకం చేసింది. అప్పుడే కాదు, తొమ్మిది రోజుల కిందట గుమ్మంలో నిలబడి కూడా దీన్నే చూసింది.

బాబాయి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయన నల్ల కుక్క వెళ్ళి ఏడాది దాటింది. ఆయన మొహంలోకి చూడటానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఆయనే తేరుకున్నాడు.

"నీదింకా పది కాలేదు కదమ్మా," అన్నాడు. "ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? లే."

ఇంటికి వెళ్ళి వదినకి చెప్పింది. రెండు ముక్కల్లోనే చెప్పింది. వదిన తిడుతుందనుకుంది, కనీసం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నీకు అలవాటేగా అంటుందనుకుంది. వదిన మాత్రం లేచి గోడ పట్టుకుంటూ వెళ్ళి చెప్పులు వేసుకుంది. మోకాళ్ళతో ఎలా వస్తావంటే, నువ్వు ఒక్కదానివీ వెళ్ళి ఇంకేం సంతకం పెట్టొస్తావో నాకు భయంగా ఉందంది.

సంస్థ ఊరి చివర, గోదాముల వెనకాల ఉంది. గేటు బయటే ఒక అట్టపెట్టెలో నాలుగు పిల్లికూనలు, పెట్టె మీద ఎవరో 'దయచేసి' అని మాత్రం రాసి వదిలేశారు. లోపల ఫినాయిలు వాసన, దాన్ని తోసుకుని వచ్చే ఇంకో వాసన, చెవులు పగిలే అరుపులు. రేకుల షెడ్ల కింద ఒక్కొక్క గదిలో నాలుగైదు కుక్కలు. డాక్టరమ్మ ఒక గొర్రెకి కట్టు కడుతూ ఉంది. మోచేతుల దాకా గోళ్ళ గాట్లు, కళ్ళ కింద నల్లటి చారలు. ప్రూఫమ్మ దారంతా కూడగట్టుకున్న కోపం ఆవిడని చూడగానే సగం జారిపోయింది.

జరిగింది జరిగినట్టు చెప్పింది. అది కరవలేదు, కాగితం కోసుకుంది, అబద్ధమాడాను అంది. డాక్టరమ్మ తలెత్తకుండానే కట్టు ముడివేసింది. వారానికి ముగ్గురు వచ్చి ఈ మాటే చెబుతారట. నిజంగా కరిచినవాటిని తీసుకెళ్ళి, పక్కింటి పిల్లని కరిపించి, మళ్ళీ తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారట. కాబట్టి రాసిచ్చిన మాటే మాట. యజమానికి తప్ప ఇవ్వరు. అరవైకి కట్టిన చోట నూట నలభై మూడు ఉన్నాయి, రేపు సాయంత్రానికి ఆ గది కావాలి.

"మీలాంటి వాళ్ళ అబద్ధాల వల్లేనండీ ఆ గులాబీ కాగితం పుట్టింది," అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవరికి వాళ్ళు వాళ్ళ గుమ్మం ఖాళీ అయితే చాలనుకుంటారు."

ఆ మాట సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే ప్రూఫమ్మకి ఒళ్ళు మండింది.

"ఆరుసార్లు నిజం చెప్పానమ్మా మీకు. నిజానికి మీ దగ్గర ఏ రంగు కాగితమూ లేదు. ఒక్కసారి అబద్ధం చెప్తే రెండు గంటల్లో వచ్చారు. మరి మాకు అబద్ధం నేర్పింది ఎవరు?"

డాక్టరమ్మ గొర్రెని వదిలేసి మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకి నడిచింది. కడుక్కుంటూ, యజమాని వస్తే తప్ప తన చేతిలో ఏమీ లేదని మళ్ళీ అంది.

"నేనే యజమానిని," అంది ప్రూఫమ్మ.

ఎలా వచ్చిందో తెలియదు ఆ మాట. ఇంకో అబద్ధం. డాక్టరమ్మ విసుగ్గా తల ఊపి, టీకాల పుస్తకం ఉందా, దాంతో దిగిన ఫోటో ఉందా అని అడిగింది. రెండూ లేవు. పోనీ పేరు చెప్పి పిలవండి, వస్తే నమ్ముతాను అంది. మాటతో పాటే తాళాల గుత్తి తీసుకుని చివరి షెడ్డు వైపు బయల్దేరింది.

పేరు. దానికో పేరుంటుందన్న సంగతే ప్రూఫమ్మకి తట్టలేదు. ఎనిమిదేళ్ళు కింద ఉంది. పది రోజులు తిండి పెట్టింది. ఆరుసార్లు దాని గురించి ఫోన్ చేసింది. ఏ ఒక్కరూ దాని పేరు అడగలేదు, తనూ అడగలేదు.

చివరి షెడ్డులో ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. ప్రతి తలుపు మీదా ఒక గులాబీ కాగితం. వీళ్ళు నడుస్తుంటే కుక్కలన్నీ లేచి ఇనుప వల మీదకి ఎగబడ్డాయి. అయిదో గదిలోది లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, పళ్ళెంలో తిండి ఎండిపోయి ఉంది. తొమ్మిది రోజుల్లో డొక్కలు లోపలికి పోయాయి. ప్రూఫమ్మ చిటికె వేసింది. రా అంది. దా అంది. చెవి కూడా కదల్లేదు. డాక్టరమ్మ తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడింది.

వెనకనుంచి వదిన వచ్చింది. కుక్కలకి భయపడి మధ్య దారిలో ఒంటికాలి మీద నడిచినట్టు నడుస్తూ, ప్రూఫమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుని పిలిచింది.

"ఒరేయ్ కండక్టరూ! బండి బయల్దేరుతోంది, ఎక్కవా?"

కుక్క తల ఎత్తింది. లేవబోయి ఒకసారి పడింది, మళ్ళీ లేచింది. వల దగ్గరకి వచ్చి వదినని చూసింది, ప్రూఫమ్మని చూసింది, వాళ్ళిద్దరి మధ్యలోంచి వెనక్కి చాలాసేపు చూసింది. అక్కడెవరూ లేరు. అయినా తోక ఒకసారి నేలకి కొట్టింది.

డ్రైవరు రోజూ డ్యూటీ దిగి వచ్చి అలాగే పిలిచేవాడట. ఎనిమిదేళ్ళు కిటికీలోంచి వింటూనే ఉన్నానంది వదిన. ప్రూఫమ్మకి ఏడుపు ఆగలేదు.

ఎవరి కుక్కో డాక్టరమ్మకి అర్థం కాకపోలేదు. అయినా ఒక తెల్లటి కాగితం తెచ్చి ఇచ్చింది. యజమాని హామీ పత్రం. ఇది వీళ్ళ ప్రెస్సులో అచ్చయింది కాదు, చేత్తో రాసి జిరాక్సు తీసింది, వరసకో తప్పు ఉంది. ప్రూఫమ్మ ఆ తప్పులు పట్టించుకోకుండా మొదటి మాట నుంచి చివరి మాట దాకా నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివింది. ఇకమీదట ఎవరినైనా కరిస్తే బాధ్యత తనదే. తిరిగి తెస్తే సంస్థ తీసుకోదు. చివర్లో ఒక గడి. 'ఇంతకు ముందు వదిలివేయుటకు కారణం.'

ఇల్లు మారడం అని రాయండి, అందరూ అదే రాస్తారు అంది డాక్టరమ్మ. ఇంటాయన నవ్వు మొహం గుర్తొచ్చింది ప్రూఫమ్మకి. ఈ కుక్కతో గేటు దగ్గరకి వెళ్తే అతను వాటా ఖాళీ చెయ్యమంటాడు, అందులో సందేహం లేదు. వదిన వైపు చూసింది. వదిన ఆ చూపు పట్టేసింది.

"పొమ్మంటే పోదాం. మెట్లు లేని ఇల్లు చూడు, నా మోకాళ్ళకీ మంచిది," అంది.

ఆ గడిలో ప్రూఫమ్మ ఇలా రాసింది: 'ఎవరో ఒకరు చూసుకుంటారు అనుకున్నాను.' కింద తన పూర్తి పేరు రాసింది. డాక్టరమ్మ అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని తలుపు తీసింది.

కుక్క మెడకి తాడు కట్టి బయటికి నడిచారు. నడవడానికి దానికి ఓపిక లేదు, రెండడుగులకోసారి నిలబడుతోంది. అది నిలబడితే వీళ్ళూ నిలబడాల్సి వచ్చింది. ఆ షెడ్డు పొడవు నలభై అడుగులు కూడా ఉండదు, కానీ తరగడం లేదు. రెండు పక్కలా కుక్కలు, ఒక్కొక్కటి ముందుకాళ్ళు వల మీద ఆనించి, ఈసారి తన తలుపేమో అన్నట్టు చూస్తోంది.

నాలుగో గది దగ్గర మళ్ళీ ఆగారు. లోపల మచ్చల కుక్క ఒకటి, ఏడాది కూడా ఉండదు. అరవడం లేదు. వలలోంచి నాలుక చాచి వదిన వేళ్ళు నాకింది. కెవ్వుమంటుందనుకుంటే వదిన చెయ్యి తీసుకోలేదు.

"ఇదీ కరిచిందా?" అని అడిగింది డాక్టరమ్మని.

"కాగితంలో అలాగే ఉందండీ," అంది డాక్టరమ్మ. తొట్టి దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

వదిన కాసేపు ఆ కుక్కనే చూసింది. కళ్ళజోడు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది. వల మీద వేలాడుతున్న గులాబీ కాగితాన్ని ముందుకు లాగి, దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, కనబడక ప్రూఫమ్మ వైపు తిప్పింది.

"ఎక్కడ కరిచిందని రాశారో చదువు."

ప్రూఫమ్మ తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"చిన్న అక్షరాలు వదినా, కనబడటం లేదు," అంది.

అక్షరాలు జానెడు దూరంలో ఉన్నాయి, నల్లగా, ఒక్క తప్పు కూడా లేకుండా.